శరణార్థులకు ఉపాధి, కొత్త దేశంలో స్థిరపడటం: జర్మనీ అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
• శరణార్థి, ఆశ్రయం కోరే వ్యక్తి, వలస కార్మికుడు, స్వదేశాగతుడు అనే పదాల మధ్య తేడా
• పని విషయంలో శరణార్థికి అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన హక్కులు
• 2015 తరువాత జర్మనీ శరణార్థులకు ఉపాధి చూపిన పద్ధతి, అందులోని లోపాలు
• నిరీక్షణ కాలం ఉపాధి మీద చూపే ప్రభావం
• మన దేశంలోని అనుభవాలతో పోలిక

1. పరిచయం

జగిత్యాల నుంచో, కడప నుంచో గల్ఫ్‌కు పనికి వెళ్లే వారిని మీరు చూసే ఉంటారు. విమానం ఎక్కే ముందే వారి చేతిలో పాస్‌పోర్టు, వీసా ఉంటాయి. చేరబోయే కంపెనీ పేరు తెలుసు. జీతం ఎంతో ఏజెంటు చెప్పి ఉంటాడు. ముందే వెళ్లిన ఊరివాళ్లు అక్కడ ఉంటారు. అక్కడ పడే కష్టాలు వేరే సంగతి. కనీసం ఏ పనికి వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి రావచ్చో వారికి ఒక అంచనా ఉంటుంది.

ఇప్పుడు ఇవేవీ లేని మనిషిని ఊహించుకోండి. సిరియాలోని అలెప్పో నగరంలో ఇరవై ఏళ్లుగా ఇళ్లకు కరెంటు వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ అనుకోండి. యుద్ధంలో ఇల్లు పోయింది. పని నేర్చినట్టు చూపించే కాగితం ఏదీ మిగలలేదు. భార్యాబిడ్డలతో జర్మనీ చేరాడు. ఆ దేశపు భాష ఒక్క ముక్క రాదు. వెనక్కి వెళ్లే దారి లేదు. చేతిలో పని ఉంది, కానీ ఆ సంగతి నిరూపించుకునే మార్గం లేదు. ఇతడిని ఈ పాఠం పొడవునా ఉదాహరణగా తీసుకుందాం.

ఇలాంటి కుటుంబానికి మొదట కావలసింది తిండి, వైద్యం, తలదాచుకోవడానికి ఒక చోటు. సాధారణంగా సహాయ చర్యలన్నీ వీటి చుట్టూ తిరుగుతాయి. కొన్ని నెలలు గడిచాక అసలు ప్రశ్న ఎదురవుతుంది: వీరు ఎలా బతుకుతారు? పని దొరికితే జీతం ఒక్కటే కాదు, భాష వస్తుంది, ఇరుగుపొరుగు పరిచయమవుతుంది, ఇంట్లో పెద్దగా తన స్థానం తనకు తిరిగి దక్కుతుంది. పని దొరకకపోతే అదే మనిషిని సమాజం కొన్నాళ్లకు భారంగా చూడటం మొదలుపెడుతుంది.

ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఒకటి. శరణార్థి తన కాళ్ల మీద తాను నిలబడటం అతని కష్టం మీద ఎంత ఆధారపడుతుందో, చేరిన దేశం అతణ్ణి ఎంతకాలం ఖాళీగా కూర్చోబెట్టిందన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. చాలాసార్లు ‘భారం’ అనేది శరణార్థి వెంట తెచ్చుకున్నది కాదు, నిరీక్షణలో తయారైనది.

2. భావనలు, హక్కులు

2.1 నిర్వచనాలు

1951 నాటి శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం అనే కారణాలలో దేనివల్లనైనా హింసకు గురవుతానన్న సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేని లేదా పొందడానికి సిద్ధంగా లేని వ్యక్తి శరణార్థి. మొదట ఈ ఒప్పందం 1951కి ముందు జరిగిన సంఘటనలకే పరిమితం. 1967 ప్రోటోకాల్ ఆ పరిమితిని తొలగించింది.

ఆశ్రయం కోరే వ్యక్తి అంటే శరణార్థిగా గుర్తించమని దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న వ్యక్తి. వలస కార్మికుడు పని కోసం వెళ్లినవాడు, తన దేశం రక్షణ అతనికి ఉంటుంది. స్వదేశాగతుడు పరాయి దేశంలో స్థిరపడి, పరిస్థితులు మారడంతో సొంత దేశానికి తిరిగి వచ్చినవాడు. ఈ తేడాలు మాటలకు సంబంధించినవి మాత్రమే కావు. పనిచేసే హక్కు ఎవరికి, ఎప్పటినుంచి అన్నది ఈ గుర్తింపు మీదనే ఆధారపడి ఉంటుంది.

2.2 పని హక్కు

శరణార్థులకు పని చూపడం కొత్త ఆలోచన కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత నానాజాతి సమితి తరఫున శరణార్థుల వ్యవహారాలు చూసిన నార్వే దేశస్థుడు ఫ్రిజాఫ్ నాన్సెన్ 1922లో దేశం లేని రష్యన్ శరణార్థులకు గుర్తింపు పత్రం ఇప్పించాడు. అదే ‘నాన్సెన్ పాస్‌పోర్టు’. 1925 నుంచి కొన్నేళ్లపాటు అంతర్జాతీయ కార్మిక సంస్థ శరణార్థులను కూలీల కొరత ఉన్న ఫ్రాన్స్ వంటి దేశాలకు చేర్చే బాధ్యత తీసుకుంది. ముందు కాగితం, ఆ తరువాత పని: ఈ క్రమం ఆనాడే ఏర్పడింది.

1951 ఒప్పందంలోని 17వ అధికరణం జీతానికి పనిచేయడం గురించి, 18వది స్వయం ఉపాధి గురించి, 19వది వైద్యం, న్యాయవాదం వంటి వృత్తుల గురించి చెబుతుంది. దేశంలోని కార్మికుల రక్షణ కోసం విదేశీయుల మీద పెట్టిన ఆంక్షలు, మూడేళ్లు నివాసం ఉన్న శరణార్థికి వర్తించకూడదని 17వ అధికరణం పేర్కొంటుంది. 34వ అధికరణం పౌరసత్వం పొందడానికి వీలు కల్పించమంటుంది. అయితే ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశాలన్నీ ఈ అధికరణాలను ఒకే తీరుగా అమలు చేయడం లేదు. ఆశ్రయం దరఖాస్తు తేలే వరకు పని చేయనివ్వాలా వద్దా అన్నది చాలావరకు ఆయా దేశాల చట్టాలే నిర్ణయిస్తున్నాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని పాఠం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
ఆశ్రయం కోరే వ్యక్తికీ శరణార్థికీ తేడా ఏమిటి?

3. జర్మనీ: 2015 తరువాత

ప్రపంచంలోని శరణార్థుల్లో నూటికి 70 మందికి పైగా అల్పాదాయ, మధ్య ఆదాయ దేశాలలోనే ఉన్నారు. సంపన్న దేశమైన జర్మనీని ఇక్కడ ఎంచుకోవడానికి కారణం ఉంది. చాలా తక్కువ కాలంలో చాలామంది వచ్చారు, వారికి పని చూపే ప్రయత్నం జరిగింది, ఫలితాలను ఏటా లెక్కగట్టారు.

2015లో సుమారు 8 లక్షల 90 వేల మంది ఆశ్రయం కోరి జర్మనీ చేరారు. సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్ దేశాలవారు ఇందులో అధికం. వీరి విషయంలో ఆ దేశం అయిదు మెట్లను దాటవలసి వచ్చింది.

3.1 ఎక్కడ ఉంచాలి?

వచ్చినవారిని ‘కోనిగ్‌స్టైన్ సూత్రం’ ప్రకారం రాష్ట్రాలకు పంచారు. రాష్ట్రం వాటాను నిర్ణయించడంలో దాని పన్నుల రాబడికి మూడింట రెండు వంతులు, జనాభాకు మూడింట ఒక వంతు ప్రాధాన్యం ఇస్తారు. ఎక్కువ జనాభా ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాకు నూటికి 21 మంది చొప్పున వస్తారు. ఖర్చును పంచుకోవడానికి ఇది న్యాయమైన పద్ధతి. కానీ మన ఎలక్ట్రీషియన్‌కు పని ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఈ సూత్రంలో లేదు. అతని బంధువులు ఉన్న నగరానికి కాకుండా, ఖాళీ ఇళ్లున్న, పనులు తక్కువగా ఉన్న చిన్న ఊరికి అతణ్ణి పంపవచ్చు. 2016 సమైక్యతా చట్టం మరో అడుగు వేసి, గుర్తింపు పొందిన శరణార్థి కూడా మూడేళ్లపాటు తనకు కేటాయించిన రాష్ట్రంలోనే ఉండాలని చెప్పింది. ఉద్యోగం దొరికినవారికి దీని నుంచి మినహాయింపు ఉంది. అయితే వేరే ఊళ్లో ఉంటూ అక్కడ ఉద్యోగం వెతుక్కోవడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు.

3.2 ఎప్పటినుంచి పని చేయనివ్వాలి?

2014 నవంబరు వరకు ఆశ్రయం కోరేవారు తొమ్మిది నెలల పాటు పని చేయడానికి వీలు లేదు. అప్పుడు దానిని మూడు నెలలకు తగ్గించారు. ఆ తరువాత కూడా ఇంకో అడ్డంకి ఉండేది. ఒక ఖాళీకి అర్హులైన జర్మన్ పౌరులు గానీ, యూరోపియన్ యూనియన్ పౌరులు గానీ లేరని కార్మిక కార్యాలయం నిర్ధారించాకే ఆ పని ఆశ్రయార్థికి ఇవ్వాలి. 2016లో చాలా జిల్లాలలో ఈ పరిశీలనను నిలిపివేశారు, 2019లో రద్దు చేశారు. అంటే చట్టం సడలుతూ వచ్చింది. అయినా దరఖాస్తు మీద నిర్ణయం రావడానికి పట్టే నెలలు అలాగే ఉన్నాయి. రేపు ఉంటాడో పంపేస్తారో తెలియని మనిషికి పని నేర్పడానికి యజమానులు వెనకాడారు.

3.3 భాష

ఇంటిగ్రేషన్ కోర్సు అనే శిక్షణను జర్మనీ 2005లోనే మొదలుపెట్టింది. సాధారణ కోర్సులో 600 పీరియడ్ల భాషా బోధన ఉంటుంది. దేశపు చట్టాలు, చరిత్ర, సమాజం గురించి చెప్పే భాగాన్ని 2016లో 60 పీరియడ్ల నుంచి 100కు పెంచారు. చేరవలసిన లక్ష్యం బి1 స్థాయి. అంటే బజారులో, ఆసుపత్రిలో, ఆఫీసులో తన పని తాను చక్కబెట్టుకోగలిగినంత భాష.

ఇక్కడ ఒక చర్చ ఉంది. ముందు భాష నేర్పి తరువాత పనిలో పెట్టాలా? ముందు పనిలో పెడితే భాష దానంతటదే వస్తుందా? రెండు వాదనలలోనూ నిజం ఉంది. గిడ్డంగిలో పెట్టెలు మోసే పనికి భాష పెద్దగా అక్కర్లేదు. అందుకే ఆ పని త్వరగా దొరుకుతుంది, అందుకే అక్కడ భాష కూడా రాదు. ఏళ్లు గడిచినా మనిషి పెట్టెల దగ్గరే ఉండిపోవచ్చు. మరోవైపు, రెండేళ్లు తరగతి గదిలోనే కూర్చుంటే చేతిలో ఉన్న పనితనం మొద్దుబారుతుంది. డెన్మార్క్‌లో 1999 సంస్కరణ వల్ల భాషా బోధన ఎక్కువగా అందుకున్న శరణార్థులు దీర్ఘకాలంలో ఉపాధిలోనూ, సంపాదనలోనూ ముందున్నారని పరిశోధకులు గుర్తించారు. కాబట్టి భాష మీద పెట్టిన ఖర్చు వృథా కాదు. మేలైన మార్గం రెండింటినీ జతచేయడం: సగం రోజు పని, సగం రోజు ఆ పనికి కావలసిన భాష.

3.4 అర్హతల గుర్తింపు

2012 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన గుర్తింపు చట్టం ప్రకారం, విదేశంలో పొందిన వృత్తి అర్హతను జర్మన్ అర్హతతో పోల్చి చూడమని అడిగే హక్కు ఎవరికైనా ఉంది. వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు వంటి వారికి ఈ గుర్తింపు తప్పనిసరి, అది లేకుండా వృత్తిలోకి దిగకూడదు. మిగిలిన చాలా వృత్తులకు తప్పనిసరి కాదు గానీ, ఉంటే యజమాని నమ్ముతాడు.

కాగితాలు పోయినవారి సంగతేమిటి? చట్టంలో దీనికి ఒక దారి ఉంది. దీనిని అర్హతా విశ్లేషణ అంటారు. నిపుణుల ఎదుట పని చేసి చూపించడం, ప్రశ్నలకు జవాబులు చెప్పడం ద్వారా నైపుణ్యాన్ని నిరూపించుకోవచ్చు. మన ఎలక్ట్రీషియన్ చేతివృత్తుల మండలి పరీక్షకుల ముందు స్విచ్‌బోర్డు బిగించి చూపుతాడన్న మాట. సర్టిఫికెట్టు కాలిపోయినా చేతిలోని విద్య కాలిపోదు కదా. అయితే పరీక్షకులు మాట్లాడేది జర్మన్. పైగా వారు అడిగేది జర్మనీలోని భద్రతా నియమాల గురించి. పూర్తి గుర్తింపు రాకపోతే ఏమేమి తక్కువయ్యాయో రాసిస్తారు, వాటిని నేర్చుకుని మళ్లీ రావచ్చు. ఇంకో సంగతి: వేరొకరి దగ్గర జీతానికి చేయడం వేరు, సొంతంగా ఎలక్ట్రికల్ దుకాణం పెట్టడం వేరు. రెండోదానికి జర్మనీలో సాధారణంగా ‘మాస్టర్’ అర్హత కావాలి. అలెప్పోలో సొంతంగా పని ఒప్పుకున్న మనిషి ఇక్కడ మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

3.5 పని నేర్పే ఒప్పందం

జర్మనీలో వృత్తి శిక్షణ ఎక్కువగా ‘ద్వంద్వ పద్ధతి’లో నడుస్తుంది. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాల. రెండు నుంచి మూడున్నర ఏళ్లు. నేర్చుకునేవారికి నెలనెలా కొంత భత్యం ఇస్తారు. మన ఐటీఐలో చదువు ముందు, అప్రెంటిస్‌షిప్ తరువాత. అక్కడ రెండూ కలిసే సాగుతాయి.

చిన్న కంపెనీలకు అప్రెంటిస్‌లు దొరకడం కష్టంగా ఉంది. శరణార్థి యువకులు ఉన్నారు. కానీ శిక్షణ మధ్యలో దరఖాస్తు తిరస్కరణకు గురై యువకుడు దేశం విడిచి వెళ్లవలసి వస్తే యజమాని పెట్టిన శ్రమంతా పోతుంది. 2016 చట్టం దీనికి ‘మూడు, రెండు’ అనే నియమం తెచ్చింది. శిక్షణ పొందే మూడేళ్లు, ఆ తరువాత అదే వృత్తిలో పనిచేసే రెండేళ్లు అతణ్ణి దేశం నుంచి పంపరు. ఈ నియమం యువకుడికి ఎంత ధైర్యమిచ్చిందో, యజమానికీ అంతే ఇచ్చింది. శరణార్థికి సాయం చేయడమంటే అతనికి మాత్రమే సాయం చేయడం కాదని, అతనికి పని ఇచ్చేవారి సందేహం తీర్చడం కూడా అందులో భాగమని దీనివల్ల అర్థమవుతుంది.

4. నిరీక్షణకు చెల్లించే మూల్యం

పనికి ఆలస్యం జరిగితే నష్టమని అందరూ ఒప్పుకుంటారు. ఆ నష్టం నిరీక్షణతోనే ముగిసిపోతుందా, ఆ తరువాత కూడా వెంటాడుతుందా? ఈ ప్రశ్నకు జర్మనీ చరిత్రే ఒక జవాబు ఇచ్చింది.

1990ల చివర యుగోస్లావియా నుంచి వచ్చిన శరణార్థుల మీద పని నిషేధం ఉండేది. 2000లో వచ్చిన ఒక కోర్టు తీర్పు తరువాత నిబంధన మారింది. దాంతో 1999లో వచ్చినవారు సగటున 19 నెలలు, 2000లో వచ్చినవారు 12 నెలలు ఎదురుచూడవలసి వచ్చింది. రెండు బృందాలవారూ ఒకే ప్రాంతం నుంచి, ఇంచుమించు ఒకే రకమైన చదువు, వయసుతో వచ్చినవారు. తేడా అంతా ఏడు నెలల నిరీక్షణలోనే. మోరిట్స్ మార్బాక్, జెన్స్ హైన్‌ముల్లర్, డొమినిక్ హాంగార్ట్‌నర్ అనే పరిశోధకులు వీరిని పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. నిషేధం తొలగిన అయిదేళ్లకు కూడా, ఏడు నెలలు అదనంగా ఆగినవారిలో ఉపాధి రేటు సుమారు 20 శాతం పాయింట్లు తక్కువగా ఉంది. ఈ తేడా చెరిగిపోవడానికి పదేళ్ల దాకా పట్టింది.

స్విట్జర్లాండ్ సమాచారంతో 2016లో వెలువడిన మరో అధ్యయనం కూడా ఇదే దిశగా చెప్పింది. దరఖాస్తు నిర్ణయం కోసం అదనంగా ఎదురుచూసిన ప్రతి ఏడాదికి, తరువాతి కాలంలో ఉపాధి రేటు 4 నుంచి 5 శాతం పాయింట్లు తగ్గింది.

ఎందుకిలా జరుగుతుంది? కారణాలు మూడు. ఒకటి, వాడని పనితనం తుప్పు పడుతుంది. రెండు, తొలి నెలల్లో ఉండే ఉత్సాహం, ‘ఎలాగైనా నిలబడాలి’ అన్న పట్టుదల ఖాళీగా కూర్చున్న కొద్దీ సడలిపోతుంది. యుద్ధంలో చూసినవి మరచిపోవడానికి పని ఒక ఆసరా. అది లేకపోతే మనసు ఇంకా కుంగుతుంది. మూడు, ‘ఈ రెండేళ్లు ఏం చేశావు?’ అని యజమాని అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. చట్టం పని చేయనివ్వలేదన్న సంగతి దరఖాస్తు ఫారంలో కనిపించదు, ఖాళీ మాత్రం కనిపిస్తుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
నిరీక్షణ కాలం ముగిసిన తరువాత కూడా దాని ప్రభావం ఎందుకు కొనసాగుతుంది?

5. ఫలితాలు, లోపాలు

జర్మనీ ప్రయత్నం ఫలించిందా? శరణార్థుల స్థితిగతులను అక్కడి ఉపాధి పరిశోధనా సంస్థ ఏటా సర్వే చేస్తున్నది. వచ్చిన తొలి ఏడాదిలో ఉద్యోగాలలో ఉన్నవారు నూటికి పది మంది లోపే. అయిదేళ్లకు సుమారు సగం మందికి పని దొరికింది. 2015లో వచ్చినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది దశాబ్దం గడిచేసరికి పనిలో ఉన్నారు. మొదటి ఏడాది లెక్క చూసి ‘వీరు పని చేయరు’ అని తీర్పు చెప్పినవారు తొందరపడ్డారని ఈ అంకెలు చెబుతున్నాయి.

అయితే మొత్తం అంకె వెనుక పెద్ద తేడా దాగి ఉంది. పురుషులలో ఇంచుమించు నాలుగింట మూడు వంతుల మందికి పని దొరకగా, స్త్రీలలో సుమారు మూడో వంతుకే దొరికింది. పిల్లల బాధ్యత ఎక్కువగా వారి మీదే పడింది. ఏడాది నిండిన బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు జర్మనీలో 2013 నుంచి ఉంది, కానీ చోట్లు చాలవు. బిడ్డను ఎవరి దగ్గరైనా వదిలే వీలు లేని తల్లి భాషా తరగతికి రాలేదు, భాష రాక పనికి వెళ్లలేదు. పైగా స్వదేశంలో ఉద్యోగం చేసిన స్త్రీలలో చాలామంది ఉపాధ్యాయులుగా, వైద్య సిబ్బందిగా పనిచేసినవారు. గుర్తింపు తప్పనిసరి అయిన వృత్తులు ఇవే. పురుషులను దృష్టిలో పెట్టుకుని తయారైన కార్యక్రమం స్త్రీలను చేరలేదన్న మాట.

రెండో లోపం, పని దొరికినవారిలోనూ చాలామంది తాము స్వదేశంలో చేసిన పనికన్నా తక్కువ స్థాయి పనులలో ఉన్నారు. పనిలో ఉన్నారా అన్న లెక్కతో పాటు ఏ పనిలో ఉన్నారన్నదీ చూడాలి.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు యూరోపియన్ యూనియన్ ‘తాత్కాలిక రక్షణ’ విధానాన్ని అమలులోకి తెచ్చింది. అక్కడి నుంచి వచ్చినవారు ఒక్కొక్కరు ఆశ్రయం దరఖాస్తు పెట్టి ఎదురుచూడకుండానే పని చేసుకునే హక్కు పొందారు. నిరీక్షణ అనేది అనివార్యమైనది కాదని, అది ఒక విధాన నిర్ణయమని ఈ సందర్భం చూపింది. అదే రక్షణ ఉన్నా జర్మనీలో ఉక్రెయిన్ వారికి పని దొరకడం పోలాండ్, డెన్మార్క్‌లకన్నా నెమ్మదిగా సాగింది. హక్కు తలుపు తెరుస్తుంది. లోపలికి నడవడానికి భాష, గుర్తింపు, పిల్లల సంరక్షణ కావాలి.

6. మన దేశంలో అనుభవాలు

భారతదేశం 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. విదేశీయులకు సంబంధించిన సాధారణ చట్టాలే వర్తిస్తాయి. అందువల్ల ఒక్కో సమూహం పట్ల ఒక్కో విధానం కనిపిస్తుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

టిబెటన్లు: చలికాలం రాగానే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో స్వెట్టర్లు అమ్మే టిబెటన్ల దుకాణాలు మీకు తెలిసినవే. 1959 తరువాత దలైలామా వెంట భారతదేశం చేరిన శరణార్థుల్లో చాలామంది మొదట్లో హిమాలయ ప్రాంతాల్లో రోడ్డు పనులు చేశారు. తరువాత ప్రభుత్వం వారికి భూమి చూపింది. అప్పటి మైసూరు రాష్ట్రంలోని బైలకుప్పెలో 1960ల ప్రారంభంలో ఏర్పడిన స్థావరం వీటిలో మొదటి తరానిది. భూమి, పాఠశాలలు, సహకార సంఘాలు, గుర్తింపు పత్రం వారికి అందాయి. సాగు పనులు తగ్గే చలికాలంలో లూథియానా వంటి చోట్ల ఉన్ని దుస్తులు కొని దేశమంతటా అమ్మడం వారు కనిపెట్టుకున్న దారి. పనిచేసుకునే వీలు ఇస్తే శరణార్థులు తమ ఉపాధిని తామే సృష్టించుకోగలరనడానికి ఇది మన కళ్లెదుట ఉన్న నిదర్శనం.

బర్మా స్వదేశాగతులు: రంగూన్‌లో తరతరాలుగా తెలుగువారు ఉండేవారు. 1962 సైనిక పాలన తరువాత వ్యాపారాలను జాతీయం చేయడంతో వేలాది భారతీయ కుటుంబాలు తిరిగి వచ్చాయి. విశాఖపట్నం కంచరపాలెంలోని ‘బర్మా క్యాంపు’ పేరులో ఆ చరిత్ర నిలిచి ఉంది. చట్టం దృష్టిలో వీరు శరణార్థులు కారు, కానీ కష్టం అలాంటిదే. వీరికీ, శ్రీలంక నుంచి తిరిగి వచ్చినవారికీ అప్పు సదుపాయం కోసం 1969లో ‘రెప్కో’ సహకార బ్యాంకును ఏర్పాటు చేశారు. హామీ పెట్టడానికి ఆస్తి లేని మనిషికి చిన్న పెట్టుబడి దొరకడం ఎంత అవసరమో ఈ ఏర్పాటు గుర్తించింది.

రోహింగ్యాలు: మయన్మార్ నుంచి వచ్చిన కొన్ని వేల మంది రోహింగ్యాలు హైదరాబాద్‌లోని బాలాపూర్ పరిసరాలలో ఉంటున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డులు చాలామంది దగ్గర ఉన్నాయి. అయితే ఆ కార్డు చట్టబద్ధంగా ఉద్యోగం చేసే హక్కు ఇవ్వదు. వారిని అక్రమంగా వచ్చినవారిగా కేంద్ర ప్రభుత్వం పరిగణిస్తున్నది. దాంతో భవన నిర్మాణంలో రోజు కూలీ, పాత సామాన్లు ఏరడం వంటి పనులే గతి. కూలి ఎగ్గొడితే అడిగే ధైర్యం ఉండదు.

ఈ మూడు సమూహాలలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారని పోల్చడం కాదు ఇక్కడ ఉద్దేశం. భూమి, అప్పు, గుర్తింపు పత్రం అందినచోట కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, అవి అందనిచోట అదే శ్రమ కూలీగానే మిగిలిపోయింది.

7. క్షేత్రస్థాయి కార్యకర్త చేయవలసినవి

మీలో కొందరు సామాజిక సేవా రంగంలో పనిచేస్తూ ఉండవచ్చు, కొందరు విదేశాలకు వెళ్లి స్థిరపడవచ్చు. శరణార్థి కుటుంబానికి ఉపాధి విషయంలో సాయపడే అవకాశం వస్తే కింది క్రమాన్ని గుర్తుంచుకోండి.

(అ) ముందు కాగితాలు చూడండి. పని చేసే హక్కు ఉందా, ఎప్పటినుంచి, ఏ షరతులతో అన్నది తేలకుండా పనిలో చేర్పిస్తే ఆ కుటుంబం దరఖాస్తుకే ముప్పు రావచ్చు.

(ఆ) ‘ఏం చదువుకున్నావు?’ అని ఆగకండి. ‘రోజూ ఏమేం పని చేసేవాడివి? ఏ పనిముట్లు వాడావు? నీ కింద ఎంతమంది ఉండేవారు?’ అని అడగండి. కాగితం మీద లేని నైపుణ్యం ఈ ప్రశ్నలకు బయటపడుతుంది. ఆ జవాబులను రాసి ఉంచండి.

(ఇ) పనికి తగిన భాష నేర్పించండి. వంటవాడికి కావలసిన మాటలు వేరు, ఎలక్ట్రీషియన్‌కు కావలసినవి వేరు.

(ఈ) మొదటి పని ఏదైనా చిన్నచూపు వద్దు, కానీ అది చివరి మెట్టు కాకుండా చూడండి. పై మెట్టు ఏమిటో, దానికి ఎన్నాళ్లు పడుతుందో కుటుంబంతో కూర్చుని రాసుకోండి.

(ఉ) ఇంటి స్త్రీతో విడిగా మాట్లాడండి. ఆమెకు పని కావాలా, ఏ పని, బిడ్డను ఎవరు చూస్తారు అన్నవి ఆమెనే అడగాలి, భర్తను కాదు.

(ఊ) యజమానితో మాట్లాడండి. అనుమతి పత్రాలు ఎలా చూడాలి, ఏ నియమాలు వర్తిస్తాయి అన్న భయమే చాలామంది యజమానులను వెనక్కి లాగుతుంది.

(ఎ) పనిలో చేరిన తరువాత కనీసం ఆరు నెలలు అప్పుడప్పుడు పలకరించండి. జీతం సక్రమంగా ఇస్తున్నారా, దళారులు కోత కోస్తున్నారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

8. సారాంశం

శరణార్థి వలస కార్మికుడి వలె సిద్ధపడి వెళ్లడు. అందుకే పని వెతుక్కోవడంలో అతనికి భాష, గుర్తింపు, పరిచయాలు అన్నీ కొరవడతాయి. 1951 ఒప్పందం పని హక్కును గుర్తించినా దాని అమలు దేశానికో తీరుగా ఉంది. జర్మనీ భాషా కోర్సులు, అర్హతల గుర్తింపు, ద్వంద్వ శిక్షణ ద్వారా కాలక్రమంలో ఎక్కువమందికి పని చూపగలిగింది. స్త్రీల విషయంలో, పని స్థాయి విషయంలో వెనుకబడింది. పని నిషేధం కొన్ని నెలలే అయినా దాని ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుందని అధ్యయనాలు చూపాయి. మన దేశంలోని టిబెటన్లు, బర్మా స్వదేశాగతులు, రోహింగ్యాల అనుభవాలు కూడా గుర్తింపు, అప్పు, భూమి వంటి ఆసరాల ప్రాధాన్యాన్ని తెలుపుతాయి. ఆదుకోవడంలో ఎంత ఖర్చు పెట్టామన్నదే కాదు, ఎంత త్వరగా పని చేయనిచ్చామన్నదీ లెక్కలోకి వస్తుంది.

9. మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు

1. శరణార్థిగా గుర్తించమని దరఖాస్తు పెట్టి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న వ్యక్తి ఆశ్రయం కోరే వ్యక్తి. ఆ గుర్తింపు పొందిన వ్యక్తి శరణార్థి. పని హక్కు సాధారణంగా ఈ గుర్తింపు మీద ఆధారపడి ఉంటుంది.

2. పనితనం తగ్గడం, ఉత్సాహం సడలి మనసు కుంగడం, పని అనుభవంలో ఏర్పడిన ఖాళీని చూసి యజమానులు వెనకాడటం దీనికి కారణాలు.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 2015 తరువాత శరణార్థులకు ఉపాధి కల్పించడంలో జర్మనీ అనుసరించిన పద్ధతులను వివరించి, వాటి లోపాలను చర్చించండి.
2. ‘శరణార్థి భారం కావడం చాలాసార్లు నిరీక్షణ ఫలితం.’ తగిన ఆధారాలతో పరిశీలించండి.

ఆ. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అర్హతా విశ్లేషణ అంటే ఏమిటి? అది ఎవరికి ఉపయోగపడుతుంది?
2. శరణార్థి స్త్రీలకు ఉపాధి దొరకడంలో ఎదురయ్యే ఆటంకాలను తెలపండి.
3. మీ ప్రాంతంలో స్థిరపడిన ఒక శరణార్థి లేదా స్వదేశాగత సమూహం ఏ వృత్తుల ద్వారా నిలదొక్కుకుందో పరిశీలించి రాయండి.